రెండు నుంచి నాలుగు వరకు

హౌస్ సర్జన్సీ ముగిసిన రోజుకీ రెసిడెన్సీలో చేరాల్సిన రోజుకీ మధ్య నాకు ఇరవై మూడు రోజులు ఖాళీ దొరికింది. ఆరేళ్ళలో అంత ఖాళీ ఎప్పుడూ చూడలేదు. మొదటి నాలుగు రోజులూ పడుకున్నాను. ఐదో రోజు హాస్టల్ గది ఖాళీ చేసి, పుస్తకాలు జూనియర్లకి పంచేసి, ఒక పెట్టె, ఒక సంచీ పట్టుకుని మా అక్క వాళ్ళింటికి వెళ్ళాను.

ఎవరో తరుముతున్నట్టు తింటున్నావేమిటే అంది అక్క. నిజమే. ఐదు నిమిషాల్లో భోజనం ముగించడం అలవాటైపోయింది. బావ మాత్రం రోజూ పొద్దున టీ తాగుతూ నా ముందుకి చెయ్యి చాపేవాడు, ఉన్నానా పోయానా ఓసారి చూసి చెప్పు డాక్టరూ అని. నేను చెయ్యి పట్టుకోకుండానే, డెబ్బై ఆరు, ఇంకో నలభై ఏళ్ళు ఢోకా లేదు బావా అనేదాన్ని. ఆయన పడీ పడీ నవ్వేవాడు. మూడో రోజు అక్క నా మొహంలోకి చూసి, ముట్టుకోకుండా ఎలా తెలుస్తుందే అని అడిగింది. నేను కప్పులు తీసుకెళ్ళి కడిగాను.

తర్వాత వారం మా బ్యాచ్ వాళ్ళం నలుగురం సముద్రం దగ్గరికి వెళ్ళాం. రెండు గదులు తీసుకుని, ఒక గదిలోనే అందరం పడి కబుర్లు చెప్పుకున్నాం. కబుర్లంటే వార్డు కబుర్లే. మాకు వేరే ఏం తెలుసు?

వార్డులో ప్రతి మంచానికీ కాళ్ళ వైపు ఒక అట్ట వేలాడుతుంటుంది. దాని మీద గంట గంటకీ పేషెంటు నాడి, బీపీ, జ్వరం రాయాలి. రాయాల్సింది హౌస్ సర్జన్. మంచాలు నలభై, మేం ఇద్దరం. అందుకని కొలవకుండా రాసేస్తాం. పై గడిలో ఉన్న అంకెకి రెండు కలిపో, నాలుగు తీసేసో కింది గడిలో వేస్తాం. మాలో మేం దీన్ని వండటం అంటాం. ఎవరు ఎంత బాగా వండారో ఆ రోజు పోటీలు పడి చెప్పుకున్నాం. మాలో అందరికంటే పొడుగైనదాన్ని లంబు అంటాం. అది వండిన జ్వరం గ్రాఫు చూసి ప్రొఫెసరే మెచ్చుకుని క్లాసులో పాఠం చెప్పాడట. కడుపు పట్టుకుని నవ్వారు. నీ సంగతేమిటే అని నన్నడిగారు. నేనూ ఒకటి చెప్పాను. నవ్వించేదే చెప్పాను. అసలుది చెప్పలేదు.

అసలుది ఇది.

ఒక ఆదివారం మధ్యాహ్నం. పద్నాలుగో మంచం మీద ఒక పెద్దావిడ. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, తగ్గుముఖం పట్టింది, రెండు రోజుల్లో ఇంటికి పంపిద్దామనుకుంటున్నారు. రెండింటికి ఆవిడ మంచం దగ్గరికి వెళ్ళాను. కళ్ళు మూసుకుని ఉంది. నిద్ర అనుకున్నాను. ముందు రోజు పొద్దుటి నుంచీ నేను నడుం వాల్చలేదు. అట్ట తీసి రెండు, మూడు, నాలుగు గంటల గడులు మూడూ ఒకేసారి నింపేశాను. ఎనభై రెండు. ఎనభై. ఎనభై నాలుగు. డ్యూటీ గదికి పోతుంటే క్యాంటీన్ నుంచి వస్తున్న ఆవిడ కూతురు నడవలో ఎదురై, అమ్మకెలా ఉందండీ అంది. బాగానే ఉంది, నాలుగు దాకా కదపకండి అన్నాను.

నాలుగుంబావుకి నర్సు వచ్చి లేపింది. వెళ్ళి చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. గడ్డం కిందికి లాగబోయాను, రాలేదు. దవడ బిగుసుకుపోయింది. మనిషి పోయాక దవడ అలా బిగుసుకోవడానికి రెండు గంటలైనా పడుతుంది. అది చదివాను, పరీక్షలో రాశాను, మార్కులూ వచ్చాయి. అంటే నేను ఎనభై రెండు అని రాస్తున్నప్పటికే...

కూతురు పక్కన స్టూలు మీద, తల్లి చెయ్యి పట్టుకుని కూర్చుని ఉంది. మాటా పలుకూ లేక చాలాసేపైందా అన్నాను.

"లేదండీ, మూడున్నరకి కూడా మంచినీళ్ళు అడిగింది" అంది.

అట్ట మీద నాలుగింటికి ఎనభై నాలుగు ఉంది, నా అక్షరాల్లో. నాలుగింటికి ఎనభై నాలుగున్న మనిషి రెండింటికి పోవడానికి వీల్లేదు. నాలుగూ ఇరవైకి పోయిందని రాసి సంతకం పెట్టాను. ఎవరూ ఏమీ అడగలేదు. వెళ్ళేటప్పుడు కూతురు నా రెండు చేతులూ పట్టుకుని, ఆఖరి ఘడియలో అమ్మ దగ్గరే ఉన్నాను, అది చాలు అంది. తను కోట్లు, యూనిఫారాలు కుడుతుందట. డాక్టరు కోట్లు కావాలంటే తనకే చెప్పమని చీటీ మీద నంబరు రాసిచ్చింది.

నాకు ఏడుపు రాలేదు. ఆ పూట తిన్నాను కూడా. రాత్రి ఒళ్ళు తెలీకుండా నిద్రపోయాను. అది తల్చుకున్నప్పుడల్లా, ఇంకెవరి గురించో వింటున్నట్టు ఉంటుంది.

సముద్రం నుంచి తిరిగొచ్చాక మా డిపార్ట్‌మెంట్ హెడ్డుకి ఒక పేజీ ఉత్తరం రాశాను. ఫలానా తేదీన, ఫలానా మంచం, చూడకుండా రాశానని. పోస్టు చేస్తే నా సీటు ఉండకపోవచ్చు. చెయ్యకపోతే సోమవారం నుంచి మళ్ళీ అట్టలు చేతికొస్తాయి, మళ్ళీ పెన్ను దానంతటదే నడుస్తుంది. పోస్టు చేద్దామనే అనుకున్నాను. కానీ ముందు ఆ కూతురికి చెప్పాలి. ఆఖరి మాట అమ్మ తనతోనే అందని నమ్ముకున్న మనిషికి, అదేం లేదు, నువ్వు రెండు గంటలు శవం చెయ్యి పట్టుకుని కూర్చున్నావని చెప్పాలి. ఎవరి నోటో వినడం కంటే నా నోట వినడం నయం.

ఫోన్ చేసి, కోట్లు కుట్టించుకోవాలన్నాను. గొంతు వెంటనే గుర్తుపట్టింది. శనివారం రమ్మంది.

"రెండు దాటకుండా వచ్చెయ్యండి డాక్టరమ్మా. అప్పుడైతే అమ్మ కూడా ఉంటుంది."

పోయినవాళ్ళ గురించి కొన్నాళ్ళు అలాగే అంటారు. వార్డులో ఎన్నిసార్లు వినలేదు. సరేనన్నాను.

బస్సులో ఐదు గంటలు. దారంతా వాన. దిగేసరికి ఒంటిగంటన్నర, కానీ వీధి దీపాలు వెలిగించారు, అంత ముసురు. రంగుల కొట్టు పైన ఆ కూతురి గది. కొట్టు మూసి ఉంది. లోపల కిటికీ తలుపులు వేసేసి, మిషను మీద ఒక్క బల్బు మాత్రం వెలుగుతోంది. మిషను నూనె వాసన, తడి గుడ్డ మీద ఇస్త్రీ పెట్టిన వాసన, సుద్ద వాసన. గది చివర ఒక తెర. దాని దగ్గరికి వెళ్ళేకొద్దీ ఇంకో వాసన. ఆరేళ్ళుగా నా బట్టల్లోంచి పోని వాసన. స్పిరిట్టు, కడిగిన నేల, పడుకుని పడుకుని చెమట పట్టిన దుప్పటి...

ఆవిడ మామూలుగానే ఉంది. టేపు మెడలో వేసుకుని నా భుజాలు కొలిచింది. చిక్కిపోయావమ్మా అంది, వెంటనే సర్దుకుని చిక్కిపోయారు అంది. డాక్టర్ల కోట్లు ఏవి బాగు చెయ్యడానికొచ్చినా కుడి జేబే చిరిగి ఉంటుందట.

"ఏం పెడతారమ్మా అందులో, ఇటుకలా?"

నవ్వాను. చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడే ఆవిడ గోడ గడియారం చూసి, టేపు తీసి మిషను మీద పెట్టింది. "ఉండండి, అమ్మొచ్చే వేళైంది" అని తెర పక్కకి లాగింది.

మంచం. ఉతికిన దుప్పటి. దిండు. పక్కన స్టూలు. ఆవిడ స్టూలు మీద కూర్చుని, చెయ్యి చాపి, గుప్పిట సగం మూసింది. వేళ్ళకీ అరచేతికీ మధ్య ఖాళీ ఉంది. సరిగ్గా ఒక మణికట్టు పట్టేంత ఖాళీ.

వాన చప్పుడు. గడియారం చప్పుడు. ఇంకేం లేదు.

పాపం, మనిషి దెబ్బతింది అనుకున్నాను. అలా అనుకుంటే తేలికగా ఉంది. ఇక ఆగకుండా చెప్పేశాను. నా గొంతు రౌండ్స్‌లో కేసు చదువుతున్నట్టే వచ్చింది.

"మీ అమ్మగారు నాలుగింటికి పోలేదండీ. రెండింటికే... అంతకుముందే పోయారు. నేను చూడకుండా రాశాను."

ఆవిడ తల తిప్పలేదు.

"తెలుసమ్మా. అమ్మ చెప్పింది."

తెర దాటి ఒక అడుగు లోపలికి వేశాను.

"మీరు నాలుగు దాకా ఉందని రాశారు కదా. రాశాక మరి ఉండాలి కదా." పక్కన ఎవరో నిద్రపోతున్నట్టు గుసగుసగా అంటోంది. "రోజూ వస్తుంది. రెండింటికి వచ్చి నాలుగింటికి వెళ్తుంది. ఆ రెండు గంటలే నాకు. మీ సంచీలో ఉత్తరం పంపకండి డాక్టరమ్మా. పంపితే ఇక రాదు."

ఉత్తరం సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. అక్కకి కూడా.

"మీకు నమ్మకం లేదు. పోనీ, చెయ్యి చూడండి. ఆ రోజు చూడలేదుగా."

నాకు పారిపోవాలనిపించలేదు. నిజం చెప్పాలంటే ఏమీ అనిపించలేదు. పని చెప్తే చేసినట్టు వెళ్ళాను. వంగాను. ఆవిడ గుప్పిటికి కొంచెం పైన, ఖాళీలో, మూడు వేళ్ళు పెట్టాను.

తగిలింది.

చర్మం. పల్చగా, వదులుగా, ముసలివాళ్ళ చర్మం. చల్లగా... లోపల ఎముక. నేను కళ్ళు తెరిచే ఉన్నాను. నా వేళ్ళ కింద ఏమీ కనపడటం లేదు. దుప్పటి మీది గీతలు కనపడుతున్నాయి.

నాడి కోసం నొక్కాను. లేదు. కొంచెం జరిపి నొక్కాను. లేదు. గడియారం వైపు చూస్తూ నిమిషం మొత్తం లెక్కపెట్టాను. అరవై సెకన్లూ. ఈ ఏడాదంతా ఎవరికీ అలా లెక్కపెట్టలేదు. ఒక్కటి కూడా కొట్టుకోలేదు...

మణికట్టు నా వేళ్ళ కింద మెల్లగా తిరిగింది. నాడి చూసేవాళ్ళకి వీలుగా ఉండాలని మనం తిప్పుతామే, అలా.

"ఎంతుందమ్మా?" అంది కూతురు. మొదటిసారి నా వైపు తిరిగింది. ఆ కళ్ళలో భయం. నిజం భయం. నేను లేదంటే అక్కడికక్కడ, రెండోసారి, తల్లి పోతుంది.

లేదని చెప్పడానికే ఐదు గంటలు బస్సులో కూర్చుని వచ్చాను.

"ఎనభై రెండు" అన్నాను.

ఆవిడ ఊపిరి వదిలింది. నేనే సంచీ తెరిచి, ఉత్తరం తీసి ఇచ్చాను. చదవలేదు. రెండో చేత్తో అందుకుని దిండు కింద పెట్టింది. కోట్లు బుధవారానికి అవుతాయి, డబ్బులేం వద్దు, పోస్టులో పంపిస్తానంది. అక్క వాళ్ళ అడ్రసు మిషను మీద కాగితం ముక్క మీద రాశాను.

గుమ్మం దాకా వచ్చాక వెనక నుంచి పిలిచింది. కూర్చున్న చోటి నుంచే, తల్లి చెయ్యి వదలకుండా.

"డాక్టరమ్మా, అమ్మ ఒక మాట చెప్పమంటోంది. తనకంటే నేనున్నాను. మీరు అలా రాసిన మిగతావాళ్ళకే పక్కన కూర్చోడానికి ఎవరూ లేరట. ఎక్కడికి పోవాలో తెలీక తిరుగుతున్నారట. పాపం, ఇవాళ మీరొస్తారని అమ్మే వాళ్ళకి చెప్పింది."

మిగతావాళ్ళెవరని నేను అడగలేదు. వెళ్ళొస్తానండీ అన్నాను. తలుపు దగ్గరగా వేశాను.

మెట్లు ఇరుకు. ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకి ఒత్తుకుంటేనే రెండోవాళ్ళు దాటగలరు. పగలే, కానీ చీకటిగా ఉంది. మెట్లు ఖాళీగా ఉన్నాయి. దిగాను. మామూలుగానే దిగాను. వాన గురించి ఆలోచిస్తున్నాను, బస్సు గురించి ఆలోచిస్తున్నాను.

వీధిలోకి వచ్చి పది అడుగులు నడిచాక తెలిసింది, నా ఎడమ భుజం మీద చొక్కా అంతా సున్నం. దిగుతూ దిగుతూ నేను గోడకి జరుగుతూ వచ్చాను. ఆగి, జరిగి, దారిచ్చి, మళ్ళీ దిగి, మళ్ళీ ఆగి. ఎన్నిసార్లని గుర్తు చేసుకున్నాను. ఐదు. కాదు, ఆరు.

ఆరోసారి జరగలేదు. వంగాను. మోకాలి ఎత్తున చెయ్యి చాపి, పడిపోకుండా పట్టుకుని, మెట్టు దాటించాను.

పిల్లల వార్డులో నేను అట్టలు రాసింది పదిహేను రోజులే.