లవంగనూనె వాసన

ఆమె మూడు గంటలు ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెక్కిన పన్ను మీద అతను మూడు సెకన్లలో కూర్చున్నాడు.

డెంటల్ కాలేజీలో మొదటి సంవత్సరం వాళ్ళని చూస్తే బయటివాళ్ళకి నవ్వొస్తుంది. మనుషుల నోళ్ళ జోలికి వెళ్ళే ముందు ఏడాది పొడుగునా మైనపు దిమ్మల్లోంచి పళ్ళు చెక్కుతూ కూర్చోవాలి. గుప్పిట్లో పట్టే దిమ్మ, కార్వర్ అనే చిన్న కత్తి, ఒక స్కేలు. ఇంతే సరంజామా. ఆ ఉదయం ఆమె చెక్కింది పైదవడ కోరపన్ను. దాన్ని పక్క స్టూలు మీద పెట్టి సార్‌ని పిలవడానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఆ స్టూలు మీద ఆరడుగుల అబ్బాయి ఒకడు దర్జాగా కూర్చుని ఉన్నాడు.

"లే!" అంది.

"ముందు గుడ్ మార్నింగ్ అనాలి. కొత్తగా చేరాను. సీటు ఆలస్యంగా వచ్చింది."

"నువ్వు కూర్చుంది నా కోరపన్ను మీద."

అతను లేచి వెనక్కి తిరిగి చూసుకున్నాడు. ప్యాంటుకి అప్పచ్చిలా అతుక్కున్న మైనం ముక్కని పీకి ఆమె చేతిలో పెట్టాడు. "సారీ. అయినా కరవలేదులే," అన్నాడు.

ల్యాబంతా గొల్లుమంది. అతనూ నవ్వాడు. నవ్వితే ఎడమవైపు కోరపన్ను కాస్త ముందుకి తోసుకొచ్చినట్టు కనబడుతుంది.

"అయితే నీది పీకి ఇచ్చెయ్," అంది ఆమె.

ఆ పూట నుంచి అతను కోరపన్ను అయ్యాడు. ప్రతి పంటినీ నాలుగేసిసార్లు కొలిచే ఆమెకి అతను స్కేలు అని పేరు పెట్టాడు. అసలు పేర్లు హాజరుపట్టీలోనే ఉండిపోయాయి.

పక్కపక్క స్టూళ్ళు కావడంతో పోట్లాటలకి తీరిక బాగా దొరికేది. అతను ఆమె స్కేలు దాచేవాడు. ఆమె అతని దిమ్మ మీద మీసాలు గీసేది. అతని దగ్గర ఎప్పుడూ లవంగనూనె వాసన వచ్చేది. పంటి నొప్పి మందుల్లో కలిపే నూనె కాబట్టి ఆ భవనం మెట్లకి, గోడలకి, అందరి తెల్లకోట్లకి ఆ వాసనే. అతని దగ్గర ఇంకాస్త ఎక్కువ, అంతే. ఆమెకది ఎంత నచ్చిందంటే, ఓసారి ఒక చుక్క చేతిరుమాలుకి రాసుకుని హాస్టల్లో దిండు కింద పెట్టుకుంది కూడా. పిచ్చి ముదిరిందని వేరే చెప్పాలా?

ఓ ఉదయం క్లాసుకి ముందు వాన పట్టుకుంది. ఇద్దరూ లైబ్రరీ వసారాలో ఇరుక్కుపోయారు. చినుకులు మెట్ల దాకా తుళ్ళుతున్నాయి. పరిగెత్తుకొచ్చిన ఆయాసంలో ఆమె చెయ్యి చాపింది.

"నీ బాటిల్ ఇలా ఇవ్వు. దాహం."

"వద్దు. నాకు జలుబు. అంటుకుంటుంది."

"అంటుకోనీ. కలిసి తుమ్ముదాం."

"స్కేలూ, వద్దన్నానా!"

అప్పటికే లాక్కుని ఒక గుక్క తాగేసింది. గొంతు నుంచి కడుపు దాకా మండింది. దగ్గు ఆగాక బాటిల్ మూతి దగ్గర వాసన చూసింది.

"ఇవి నీళ్ళు కాదు," అంది.

"కాదు."

"టైమెంతయిందో తెలుసా?"

"తెలుసు. ఎనిమిదీ నలభై."

అతను జేబులోంచి వేలంత సీసా తీసి చూపించాడు. లవంగనూనె. పొద్దున్నే తాగడం, తాగాక చిగుళ్ళకి ఇది రాసుకోవడం. "వేరే ఏ కాలేజీలో అయినా పట్టుబడిపోయేవాణ్ణి. ఇక్కడ ఎవరికీ అనుమానం రాదు," అన్నాడు నవ్వడానికి ప్రయత్నిస్తూ. ఆమె నవ్వలేదు. దిండు కింద రుమాలు గుర్తొచ్చింది.

వాన తగ్గేలోగా మిగతాది చెప్పాడు. రెండేళ్ళ కిందట అమ్మ పోయింది, ఇంట్లో అక్కా తనూ మిగిలారు. నిద్ర పట్టక కొంచెం మొదలుపెట్టాడు. తర్వాత లేవడానికి కూడా కావలసి వచ్చింది. ఇప్పుడు పొద్దున్న పడకపోతే చేతులు వణుకుతాయి.

"మీ అక్కకి తెలుసా?"

"నేను డాక్టర్నవుతున్నానని తెలుసు."

"మరి మానెయ్యొచ్చుగా?"

"వణికే చేత్తో పన్నెలా చెక్కను, నువ్వే చెప్పు. అందుకే తాగుతున్నా. తాగితే మొదటి గంట బాగానే ఉంటుంది. తర్వాత మళ్ళీ వణుకుడే."

"నేను చెక్కిపెడతాలే," అంది ఆమె. ప్రేమ కొద్దీ అన్న మాటే. కానీ అలా అనకుండా ఉండాల్సింది.

ఆరు వారాలపాటు ఆమె రెండేసి పళ్ళు చెక్కింది, ఒకటి తనకి, ఒకటి అతనికి. అనుమానం రాకుండా అతని పన్నులో కావాలని చిన్న తప్పు పెట్టేది. కార్వింగ్ సార్‌ది తక్కువ మాట, ఎక్కువ చూపు. ఏడో వారం అతని దవడపన్నుని లైటు కింద తిప్పి తిప్పి చూశారు.

"ఈ గీతలన్నీ ఎడమచేతివి. నువ్వు కుడిచేతివాటం వాడివి."

ఆమె ఎడమచెయ్యి దానంతటదే కోటు జేబులోకి పోయింది.

"ఎవరు చెక్కారని అడగను. నెలరోజుల్లో పరీక్ష. ఆ చెయ్యి అక్కడికి నీతో రాదు." సార్ పన్ను తిరిగి ఇచ్చేశారు. వెళ్ళబోతూ ఆగి, "క్యాంటీన్ ఎదురుగా ఒక గది ఉంది. ఎందుకుందో తెలుసుగా," అన్నారు.

తెలియకేం. కౌన్సెలింగ్ మేడం గది. మంచి ఉద్దేశంతో కట్టినవాళ్ళు తలుపు మటుకు క్యాంటీన్ కిటికీలకి సూటిగా పెట్టారు. లోపలికి ఎవరు వెళ్ళినా వంద మంది టీ తాగుతూ చూస్తారు.

"చచ్చినా వెళ్ళను. సాయంత్రానికల్లా టాంటాం. పైగా కాలేజీలోంచి పేరు కొట్టేస్తారు," అన్నాడు.

"వెళ్ళకు. నేనున్నాగా. నా మీద ఒట్టేసి ఇవాళే మానెయ్."

"ఒక్కసారిగానా?"

"ఒక్కసారిగానే. ప్రేమ ఉంటే మానలేవా?"

ప్రేమ అనే మాట వాళ్ళిద్దరి మధ్య పలకడం అదే మొదలు. అది పోట్లాటలో వచ్చింది. అతను ఒట్టేశాడు. ఆమె బాటిల్‌ని ల్యాబ్ సింకులో ఒంపేసి రెండుసార్లు కడిగింది. ఎంత తేలికైపోయిందో ఆ క్షణం! పద్దెనిమిదేళ్ళకి అంతకంటే ఏం తెలుస్తుంది?

మొదటి రోజు జోకులేస్తూ గడిపాడు. రెండో రోజు ఉదయం చొక్కా చెమటకి తడిసి వీపుకి అంటుకుపోయింది. మైనం మీద చీమలు పాకుతున్నాయన్నాడు. చీమల్లేవు.

"ఇంటికెళ్ళిపోనా స్కేలూ? ఏదోలా ఉంది."

"ఓర్చుకో. ఇంకొక్క రోజు ఓర్చుకో, నా కోసం," అంది.

పదకొండు గంటలకి అతని చేతిలోంచి కార్వర్ జారింది. ఆమె తీసిద్దామని వంగింది. ఆమె తల ఎత్తేలోపు అతను స్టూలు మీద నుంచి పడిపోయాడు. ఒళ్ళంతా కొట్టుకుంటోంది, కళ్ళు పైకి పోయాయి. సార్ పరిగెత్తుకొచ్చి స్టూళ్ళు పక్కకి తోసి, అతన్ని ఒక పక్కకి తిప్పి పట్టుకున్నారు. పెదవి కొరుక్కుని నెత్తురొస్తోంది. ఆమె గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

ఆసుపత్రి వరండాలోకి అతని అక్క వచ్చేసరికి మెడలో కొలత టేపు అలాగే ఉంది. బట్టలు కుట్టే పని అక్కది. డాక్టరు బయటికి వచ్చి, ప్రాణానికి ఇప్పుడు భయం లేదని చెప్పి, "ఇంత అలవాటు పడ్డ ఒళ్ళు ఒక్కసారిగా ఆపేస్తే తట్టుకోలేదమ్మా. మేం దగ్గరుండి, మందులిస్తూ ఆపించాలి. మానెయ్యమని ఎవరు చెప్పారు?" అన్నాడు.

"నేనే," అంది ఆమె.

అక్క కొడుతుందనుకుంది. కొట్టినా బాగుండేది. అక్క టేపు చివర్ని వేళ్ళకి చుట్టుకుంది.

"నీకు తెలిసి రెండు నెలలు. నేను రెండేళ్ళ నుంచి వాడితో ఒకే ఇంట్లో ఉంటున్నా. ఎవరిని తిట్టను, చెప్పు తల్లీ?" అని ఆమె భుజం మీద తలవాల్చి ఏడ్చింది. ఇద్దరూ ఏడ్చారు.

లోపల అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"వెళ్ళిపో స్కేలూ."

"ఒక్క మాట..."

"నిన్ను చూస్తే చచ్చేంత సిగ్గుగా ఉంది. వెళ్ళిపో."

వెళ్ళిపోయింది. అతను ఆసుపత్రి నుంచి ఇంటికి చేరాడని అక్క చెప్పింది. కాలేజీకి రాలేదు, ఫోన్ తీయలేదు. పరీక్ష వచ్చింది, పోయింది. పక్క స్టూలు ఖాళీగానే ఉంది. ఆమె తన పన్ను చెక్కుతుంటే చెయ్యి అలవాటుగా రెండో దిమ్మ కోసం వెళ్ళేది.

ఒక మంగళవారం మూడింటికి, క్యాంటీన్ నిండుగా ఉన్న వేళ, ఆమె ఆ గది తలుపు తట్టింది. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఏదో రాసుకుంటున్న పెద్దావిడ కూర్చోమంది.

"ఫ్రెండ్ గురించి వచ్చాను మేడమ్."

"అలాగే. ఫ్రెండ్ సంగతి తర్వాత చూద్దాం. నువ్వు సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్ళయింది?"

దానికి జవాబు చెప్పబోయి ఆమె భోరుమంది.

మేడం అంతా విన్నారు. "తెలియక చేశావు. తెలిసినవాళ్ళని అడిగి చెయ్యాల్సింది, అంతే తేడా. అతన్ని నేను ఇంటికెళ్ళి లాక్కురాలేను. తన కాళ్ళతో వస్తే మటుకు, ఇక్కడ చెప్పింది ఈ గోడ దాటదు. పేరు కొట్టెయ్యరు, వైద్యానికి సెలవిస్తారు. మళ్ళీ మంగళవారం నువ్వు రా, నీ కోసం."

ఆమె అతనికి మెసేజ్ పెట్టింది. 'మంగళవారాలు మూడింటికి ఆ గది బయట బెంచీ మీద ఉంటాను. నా కోసమే వెళ్తున్నా. నువ్వు రావాలని కాదు.' చివరిది పచ్చి అబద్ధం.

మొదటిసారి కిటికీల్లోంచి గుసగుసలు. రెండోసారి వేళ్ళు చూపించారు. మూడోసారికి వాళ్ళకే విసుగు పుట్టి టీలు తాగుతూ కూర్చున్నారు. నాలుగో మంగళవారం గేటు దగ్గర కొలత టేపు మెడలో ఉన్న మనిషి కనబడింది. అక్కని అక్కడే వదిలేసి, ఆరడుగులవాడు ఒక్కడే మెల్లగా నడుచుకుంటూ వచ్చి బెంచీకి అటు చివర కూర్చున్నాడు. సగానికి సగం తగ్గిపోయాడు.

"మళ్ళీ తాగుతున్నా," అన్నాడు.

"తెలుసు. వాసనొస్తోంది."

"ఇవాళ నూనె రాసుకోలేదు."

"అదీ తెలుస్తోంది."

"భయమేస్తోంది స్కేలూ."

"కిటికీల్లో వాళ్ళకా?"

"కాదు. తాగని నేనెలా ఉంటానో నాకే గుర్తులేదు. నువ్వు ఇష్టపడింది తాగినవాణ్ణేమో."

"నేను ఇష్టపడ్డానని నీకెవరు చెప్పారు?"

"ఆరు వారాలు నా పళ్ళన్నీ చెక్కావు. ఇంకా ఒకరు చెప్పాలా?"

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "ఇష్టమే. చాలా ఇష్టం. అందుకే ఇంక ఒక్క పన్ను కూడా చెక్కను. మానెయ్యమని ఒట్టు కూడా వేయించుకోను. ఈ బెంచీ మీద కూర్చుంటా, అంతవరకే నా వల్లవుతుంది."

తలుపు తెరుచుకుంది. "ఇద్దరిలో ఎవరు ముందు?" అన్నారు మేడం.

అతను వణికే చేతుల్ని జేబుల్లో పెట్టుకోబోయి, మానుకుని, అందరికీ కనబడేలా లేచి లోపలికి వెళ్ళాడు.

అంతటితో అయిపోయే పనైతే ఎంత బాగుండేది! డాక్టర్ల చూపులో ఆరు వారాలు వైద్యకేంద్రంలో ఉన్నాడు. చదువులో ఏడాది పోయింది. తిరిగొచ్చిన రెండో నెలలో మళ్ళీ తాగాడు. తనే ఫోన్ చేసి చెప్పాడు, తనే మళ్ళీ ఆ తలుపు తట్టాడు. ఆ వారమంతా ఆమె అన్నం సరిగ్గా తినలేదు. అక్క రోజూ ఫోన్ చేసి, "తిన్నావా తల్లీ?" అని అడిగేది.

మరుసటి ఏడు అతను తనకంటే చిన్నవాళ్ళ మధ్య మళ్ళీ మొదటి సంవత్సరంలో కూర్చున్నాడు. ఆమె రెండో సంవత్సరం. ఓ ఉదయం క్లాసుకి ముందు కార్వింగ్ ల్యాబ్ గుమ్మంలోకి వచ్చింది. గుప్పున లవంగనూనె వాసన. గుండె జారిపోయింది. పైఅంతస్తు క్లినిక్‌లోంచో, ఎవరి కోటు మీద నుంచో వచ్చి ఉంటుంది. తెలుసు. అయినా అతని వెనక నిలబడి, పన్ను చూస్తున్నట్టు వంగి, మెల్లగా ఊపిరి పీల్చింది.

అతని చెయ్యి ఆగిపోయింది.

"చూసుకున్నావా?" అన్నాడు.

"సారీ. నమ్మకం లేక కాదు..."

"లేకే. ఉండాలని నేను అడగను. పాడు చేసింది నేనేగా." అతను స్టూలు మీద ఇటు తిరిగి, ముఖం దగ్గరికి తెచ్చి, పసివాడిలా నోరు తెరిచి ఊదాడు. టీ వాసన, మైనం వాసన. "రోజూ చూడు. దొంగతనంగా వద్దు. ఇలా ఎదురుగా నిలబడి చూడు. ఎన్నేళ్ళయినా సరే."

ఆమె కళ్ళు నిండిపోయాయి. అతను తను చెక్కిన పన్ను ఆమె అరచేతిలో పెట్టాడు. పైదవడ కోరపన్ను. ఒక పక్కకి కొంచెం ఒరిగిపోయింది. గీతలన్నీ కుడిచేతివి.

"నిరుడు నీది ఒకటి పాడు చేశా కదా. కొలుచుకో."

"స్కేలు తేలేదు," అంది. కోటు జేబులో ఉంది. అతనికీ కనబడుతోంది.

"ఇవాళ్టికి నూట నలభై ఆరు రోజులు. రేపటి సంగతి నాకు తెలీదు."

ఆమె చదువుకుని చేయబోయే పని బతుకంతా ఈ వాసనలోనే. ప్రతిసారీ గుండె ఇలాగే జారుతుందని ఆమెకి అప్పుడే తెలిసిపోయింది. పన్నుని గుప్పిట్లో మూసుకుంది.

"రేపు ఎన్నింటికి వస్తావు?" అని అడిగింది.

"ఎనిమిదీ నలభైకి."

"వస్తా."