కొంచెం ముందుకు జరగండి

చవగ్గా దొరికిన బండిని చూసి మురిసిపోని మగవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి, దండం పెడతాను. కళ్లద్దాల కొట్టులో అద్దాలు అరగదీసే బక్కన్న కూడా అలాగే మురిసిపోయాడు. పాత జపాన్ బండి. వంద సీసీ, టూ స్ట్రోక్, పెట్రోల్లో ఆయిలు కలిపి పోస్తే తప్ప కదలదు. ట్యాంకు మీద సొట్ట, సైలెన్సర్ నిండా నీలం పొగ. అయినా ఒక్క కిక్కుకే స్టార్టయింది, బక్కన్న దాని మోజులో పడిపోయాడు. అమ్మినాయన తాళంచెవి ఇచ్చి చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఇంకోసారి తుడుచుకున్నాడు. సంతోషంలో ఉన్నవాడి కంటికి అలాంటివి ఆనవు.

బక్కన్న అని పేరు పెట్టింది వీధి చివరి మెకానిక్. అందులో అబద్ధమేమీ లేదు. బెల్టుకి మేకుతో కొత్త బెజ్జాలు పొడుచుకుంటే తప్ప ప్యాంటు నిలవని ఒళ్లు అతనిది.

పొద్దున్నే భార్యని లాండ్రీలో పనికి దింపడం, సాయంత్రం తీసుకురావడం. పెళ్లయి ఏడాది కాలేదు. ఆమె తన నడుం చుట్టూ చేతులేసి, వీపుకి చెంప ఆనించి కూర్చోవాలని అతని ఆశ. అసలు బండి కొన్నదే అందుకంటే తప్పు లేదు.

ముందు వచ్చింది వాసన. పాచినోరూ, తడిసాక్సూ, మాసిన తలగడా కలిపి మూతపెట్టి ఎండలో ఉంచినట్టు.

"ఏవండీ, స్నానం చేశారా?" అని ఆమె నవ్వుతూ అడిగింది. మర్నాడు నవ్వకుండా అడిగింది. "వీపంతా జిడ్డే! చెంపకి అంటుకుంటోంది, ఛీ!"

ఊళ్లోవాళ్ల మాసిన బట్టలు రోజూ చేత్తో పట్టుకునే మనిషి, ఊరికే మొహం ముడుచుకునే రకం కాదు. బక్కన్న చొక్కా విప్పి చూసుకున్నాడు. ఇస్త్రీ కూడా నలగలేదు. పొడిగా ఉంది.

ఆ రాత్రి నుంచీ ఆమె గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. బక్కన్నకి ప్రాణం చివుక్కుమంది. భార్యకి తనంటే రోత పుట్టిందని ఏ మగాడు ఎవరితో చెప్పుకుంటాడు? బండి దిగగానే ఆమె గోళ్ల సందులు చూసుకునేది. అక్కడ బూడిదరంగులో మెత్తటి వత్తులు. ఎన్నాళ్లో నీళ్లెరగని ఒంటిని నలిపితే వచ్చే మురికి.

సీటుదే తప్పేమోనని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాడు. అతను రెగ్జిన్ కోశాడు. లోపల స్పాంజి పచ్చగా ఉబ్బి ఉంది. వేలితో నొక్కితే చిక్కటి నీళ్లు కారాయి. అవి గోరువెచ్చగా ఉన్నాయి. గ్రీజులో పుట్టి గ్రీజులో పెరిగిన ఆ మనిషి చటుక్కున చెయ్యి లాక్కుని కిరోసిన్‌తో కడుక్కున్నాడు.

"సీటు మార్చేస్తాలే. అది సరేగానీ బక్కన్నా, రోజూ ఎవర్ని మోస్తున్నావ్? వెనక స్ప్రింగులు కూర్చుండిపోయాయి."

"ఎవర్నేంటి, మా ఆవిణ్ణే."

"ఆ పిల్లకి ఇంత బరువెక్కడిది?"

కొత్త సీటు వచ్చింది. వాసన పోలేదు, పైగా చోటు తగ్గింది. "కొంచెం ముందుకు జరగండి," అనేది ఆమె. జరిగేవాడు. "ఇంకొంచెం." మోకాళ్లు హ్యాండిల్‌కి తగులుతుంటే ఇంకెక్కడికి జరుగుతాడు పాపం!

ఒక సాయంత్రం, ముసురు. లాండ్రీ నుంచి ఇంటికి వస్తున్నారు. రోడ్డు మీద పురుగు లేదు. వానకి వాసన మరీ ఎక్కువైంది. ఉన్నట్టుండి వెనకనుంచి ఆమె నవ్వింది. ఎన్నాళ్లకో విన్న నవ్వు.

"మీకు పొట్టొచ్చిందండోయ్. రెండు చేతులూ చాచినా అందట్లేదు!"

పట్టుకుంది, అదే పదివేలనుకున్నాడు బక్కన్న. మురిసిపోతూ నడుం వైపు చూసుకున్నాడు. తడిసిన చొక్కా ఉంది. బెల్టు ఉంది.

ఆమె చేతులు లేవు.

వీపుకి మాత్రం ఏదో ఆనుకుని ఉంది... మెత్తగా... ఉబ్బుతూ... తగ్గుతూ...

"చేతులు తియ్," అన్నాడు గుసగుసగా.

"ఏం?"

"తియ్యవే... ముట్టుకోకు."

బండి ఆపి, ఆమెని దింపి, రోడ్డు పక్కన భళ్లున కక్కుకున్నాడు. మిగతా దూరం బండి తోసుకుంటూ నడిచారు. తోస్తున్నా బరువే. ఆమెకి నిజం చెప్పలేదు. చెబితే ఆ చేతులతో ఇక ముద్ద ఎలా తింటుంది? ఒంట్లో బాగాలేదన్నాడు, అంతే.

ఆమె జాలిపడింది. "నీళ్లు కాస్తాను. వేడిగా పోసుకుంటే తగ్గిపోతుంది."

"ముందు ఈ దరిద్రాన్ని వదిలించుకుని వస్తా. వచ్చాకే నీళ్లు."

గేటు ముందే కిక్కు కొట్టాడు. వెనక స్ప్రింగులు కిర్రుమని పైకి లేచాయి, ఎవరో దిగినట్టు. దానికోసం ఆగి ఆలోచించే ఓపిక బక్కన్నకి లేదు. బండి దూదిలా పరిగెత్తింది. వాసన కూడా లేదు.

"ముక్కలు చేసి ఇనుము కింద అమ్మేసుకో," అని మెకానిక్‌కి అప్పగించాడు. అతను ఒక రౌండ్ వేసి వచ్చి, "ఇంత తేలిగ్గా పోతుంటే వదులుకుంటావేంటయ్యా?" అన్నాడు. బక్కన్న వినిపించుకోలేదు. వానలో ఈల వేసుకుంటూ నడిచాడు. ఈ రాత్రి ఆమె ఇటు తిరిగి పడుకుంటుంది. అది తలుచుకుంటే చలి కూడా తెలియలేదు.

ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసి లోపలికి అడుగుపెట్టగానే వాసన గుప్పుమంది.

స్నానాలగదిలో చెంబు చప్పుడు. తలుపు కిందనుంచి బూడిదరంగు నీళ్లు పారుతున్నాయి. అందులో మెత్తటి వత్తులు... కొన్ని వేలెడేసి ఉన్నాయి.

"అబ్బబ్బ, ఎన్నాళ్ల మురికండీ ఇది! రుద్దేకొద్దీ వస్తూనే ఉంది." భార్య గొంతు, ముద్దుగా. "దీనికా నేను మిమ్మల్ని అంత అసహ్యించుకున్నాను! ఏదీ, ఇటు తిరగండి. మొహం కూడా రుద్దుతాను."

బక్కన్న తలుపు మీద పడ్డాడు. "ఏమే! తలుపు తియ్! నేనే... ఇక్కడున్నాను!"

చెంబు ఆగింది. నీళ్లు కారుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఏవండీ..." ఆమె గుసగుసలాడుతోంది, అతనితో కాదు. "బయట ఎవరో... అచ్చం మీ గొంతుతో..."

గడియ తీసిన చప్పుడైంది. తలుపు కొంచెం తెరుచుకుంది. సందులోంచి ఆమె అతన్ని చూసింది. చూస్తూనే ఉంది. సబ్బు నురగతో ఉన్న రెండు చేతులూ చాచి అతని నడుం పట్టుకుంది. అతనూ ఆమె చేతులు పట్టుకున్నాడు, గట్టిగా. కానీ ఆ చేతులు జిడ్డోడుతున్నాయి. లోపలినుంచి ఏదో ఆమెని లాగుతుంటే, పట్టుకున్నకొద్దీ జారాయి... ఒక్కొక్క వేలే జారాయి.

తలుపు మెల్లగా మూసుకుంది. లోపల గడియ పడింది.

కాసేపటికి చెంబుతో నీళ్లు పోసుకుంటున్న చప్పుడు మళ్లీ మొదలైంది.