వెనక మూత మాత్రమే అతనిది

శవవాహనం కదలబోతుండగా ఫుమినో వచ్చి దానికి అడ్డంగా రోడ్డు మీద కూర్చుంది.

నల్ల బట్టలు. పిడికిట్లో ఒక రిస్ట్ వాచీ.

"లేవండమ్మా," అన్నాడు డ్రైవర్. "శ్మశానంలో మనకిచ్చిన టైం దాటిపోతుంది."

"దాటిపోనీ. ఆయన్ని కాల్చనివ్వను. ఇది ఆయన వాచీ కాదు."

కోబేలో రైలు పట్టాల కింద బారుగా ఉన్న దుకాణాల్లో కిరితానీ సోహేది పాత వాచీల కొట్టు. ఫుమినోది పక్కనే నూడుల్స్ కొట్టు. ఇరవయ్యేళ్లుగా ఇద్దరిదీ ఒకే ఇల్లు. పెళ్లి మాత్రం రిజిస్టర్ కాలేదు.

ఆ వారం మొదట్లో సోహే తన కొట్లోనే అటక మెట్ల కింద శవమై కనిపించాడు. తల వెనక దెబ్బ. పొద్దున్నే షట్టర్ తాళం తీసి చూసింది మేనల్లుడు తకుమా. కాలు జారి పడ్డాడని కేసు మూసేశారు.

ఎవరో ఫోన్ చేసినట్టున్నారు. ఇన్‌స్పెక్టర్ హమురా రిత్సు జీపు దిగింది. నేరుగా వెళ్లి ఫుమినో ఎదుట గొంతుకూర్చుంది.

"ఈ వాచీ మీకెవరిచ్చారు?"

"అదిగో, ఆవిడ." ఫుమినో సోహే చెల్లెలు, తకుమా తల్లి యాసుయే వైపు చూపించింది. "శవం చేతినుంచి తీసిన వాచీ. గుర్తుగా ఉంచుకుని ఇంటికి పొమ్మంది. ఎముకలు ఏరడానికి నేను రాకూడదట. ఇంటి మనిషిని కానట."

"కాదు కదా మరి!" యాసుయే విరుచుకుపడింది. "ఏ కాగితంలో ఉంది మీ పేరు?"

"వెనక్కి తిప్పి చూడండి మేడమ్," అన్నాడు తకుమా. "మావయ్య పేరు చెక్కి ఉంటుంది."

హమురా తిప్పి చూసింది. మూత మీద టైటానియం అన్న ముద్ర. కింద చేత్తో చెక్కిన అక్షరాలు. సోహే.

"పేరు ఆయనదే. వాచీ ఆయనది కాదు," అంది ఫుమినో. "ఆయన వాచీ చేతిలో ఉన్నట్టే ఉండేది కాదు. ఇది రాయిలా ఉంది."

"బాధలో ఏది పట్టుకున్నా బరువుగానే ఉంటుంది," అన్నాడు తకుమా జాలిగా. "అందరికీ ఒక్క క్షమాపణ చెప్పి లేవండి. ఇంతటితో వదిలేస్తాం."

"చెప్పను."

"లాకప్‌కి వెళ్తారా?" అన్నాడు తకుమా.

"నూడుల్స్ కొట్టుకి తాళం వేసే వచ్చాను. పద."

హమురా వాచీని అరచేతిలో ఒకసారి ఎగరేసి పట్టుకుంది. లేచి డ్రైవర్ వైపు తిరిగింది.

"ఇంజిన్ ఆపండి. నేనొచ్చేదాకా బండి కదలకూడదు."

పట్టాల కింద ఆ చివరి కొట్టు హతనోది. పాత వాచీలు కొని అమ్ముతాడు. హమురా ఎవరిదీ, ఎక్కడిదీ చెప్పలేదు. వాచీ బల్ల మీద పెట్టింది.

"దీనికేం వస్తుంది?"

"ఎనభైల నాటి క్వార్ట్జ్. బాగానే నడుస్తోంది." హతనో భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. "టైటానియంది పెద్ద ఖరీదుండదు, అందుకే కుర్రాళ్లు ఎగబడతారు. కానీ..." చెయ్యి ఆగింది. "మేడమ్, నాకు పరీక్ష పెడుతున్నారా?"

"ఏం?"

అతను అల్మారాలోంచి అదే మోడల్ మరొకటి తీశాడు. రెండూ ఆమె రెండు చేతుల్లో పెట్టాడు. ఒకటి కిందికి లాగింది. ఇంకొకటి ఉందో లేదో తెలియలేదు.

"ఈ తేలికది టైటానియం. మసక బూడిద రంగు చూశారా? మీరు తెచ్చింది తెల్లగా మెరుస్తోంది. స్టీలు. అప్పట్లో ఇదే మోడల్ రెండు రకాల్లో వచ్చింది. మూత దేనిదైనా దేనికైనా పడుతుంది. టైటానియం మూత తెచ్చి స్టీలు వాచీకి బిగించారు. ఇదిగో, గాడి దగ్గర పచ్చి గీత. కంగారులో పనిముట్టు జారింది. నేనైతే కొనను."

పైన రైలు వెళ్లింది. అద్దాల అల్మారా గలగలలాడింది. హమురా అప్పటికే బయటికి నడిచింది.

ఫుమినో ఇంకా రోడ్డు మీదే ఉంది.

"ఆయన టైటానియమే ఎందుకు కట్టుకునేవాడు?"

"స్టీలు పడదు. ఒక్క పూట కట్టుకుంటే చాలు, మణికట్టు చుట్టూ పొక్కిపోయేది. వాచీలమ్మేవాడికి వాచీ పడదా అని ఏడిపించేదాన్ని."

హమురా శవపేటిక తెరిపించింది. యాసుయే గోల చేసింది. వినలేదు. చేతికి చుట్టిన తెల్లటి గుడ్డ పైకి మడిచి ఎడమ మణికట్టు చూసింది.

చర్మం శుభ్రంగా ఉంది. ఒక్క పొక్కు లేదు.

"శవాన్ని పోస్ట్‌మార్టంకి పంపండి," అంది. "మీరంతా నాతో కొట్టుకి రండి."

సోహే కొట్టు ఇరుకు. పనిబల్ల. మెట్లు. నలుగురు నిలబడితే నిండిపోయింది.

"సోహే బతికుండగా ఈ వాచీ కట్టుకోలేదు," అంది హమురా. "కట్టుకుని ఉంటే చెయ్యి పొక్కేది. ప్రాణం పోయిన చెయ్యి పొక్కదు. చచ్చాక ఎవరో కట్టారు. ఆయనదే అనిపించాలని పేరున్న మూత మార్చారు. షట్టర్ తాళంచెవులు ఎన్ని?"

"రెండు," అంది ఫుమినో. "ఆయనదొకటి. ఇతనిదొకటి."

"మూత తిప్పే పని ఎవరికి వచ్చు, తకుమా?"

"ఈ వీధిలో సగం మందికి వచ్చు," అన్నాడు తకుమా. "అసలు వాచీ అంటున్నారు కదా, ఏదీ? చూపించండి."

పనిబల్ల కింద పెద్ద రేకు డబ్బా ఉంది. నిండా పాత వాచీల డొక్కులు, విరిగిన బ్యాండ్లు. హమురా దాన్ని బల్ల మీదికి లాగింది. దీపం వెలుగులో అన్నీ ఒకే రంగులో కనిపిస్తున్నాయి.

"నేను వెతుకుతాను," అంది ఫుమినో.

రెండు చేతులూ డబ్బాలో ముంచింది. కళ్లు మాత్రం తకుమా ముఖం మీదే. చల్లగా, బరువుగా తగిలినవన్నీ పక్కకి తోసింది. ఉన్నట్టుండి చేతులు ఆగిపోయాయి.

పైకి తీసింది. మూత లేని బూడిదరంగు వాచీ. పగిలిన అద్దం. తెగిన బ్యాండు.

"ఇదీ ఆయనది."

"పడితే అద్దం పగలొచ్చు," అంది హమురా. "బ్యాండు ఇలా తెగదు. ఎవరో మణికట్టు పట్టుకుని లాగితే తెగుతుంది. అది తెలుసు కాబట్టే దాచావు."

తకుమా పనిబల్ల అంచు పట్టుకున్నాడు.

"సోమవారం వెళ్లి పెళ్లి రిజిస్టర్ చేయిస్తానన్నాడు. ఇన్నేళ్లు నేను ఊడ్చిన కొట్టు ఈవిడదైపోతుందట! వెళ్లొద్దని చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకున్నాడు. తోశాను... అంత గట్టిగా తొయ్యాలని కాదు..."

"తకుమా!" యాసుయే మెట్ల మీద కూలబడింది.

ఫుమినో కన్ను చెమర్చలేదు. "నాచేత క్షమాపణ చెప్పించుకుందామనుకున్నావురా," అంది.

మరుసటి వారం శవం తిరిగొచ్చింది. శ్మశానానికి వచ్చింది ఇద్దరే. పోలీసు జీపు బయట ఆగి ఉంది.

పళ్లెం మీద తెల్లటి ఎముకలు. ఇద్దరు కలిసి, చెరొక పుల్లల జతతో, ఒక్కో ఎముకనూ పట్టి కుండలో వెయ్యాలి. అక్కడి ఉద్యోగి ఒక జత యాసుయేకి ఇచ్చాడు. రెండో జత పట్టుకుని తటపటాయించాడు.

"మీరు ఆయనకి ఏమవుతారండీ?"

"భార్యని," అంది ఫుమినో. గోడలకి తగిలేంత గట్టిగా. యాసుయే కళ్లలోకి చూస్తూ, కాదను చూద్దాం అన్నట్టు నిలబడింది.

వారంలో యాసుయే ముఖం పీక్కుపోయింది. అన్న పోయాడు. కొడుకు జైల్లో. పుల్లలు సరిచేసుకుంది. మొదటి ఎముకకి ఒక పక్క పట్టింది.

ఫుమినో రెండో పక్క పట్టింది.

"మెల్లిగా, వదినా," అంది యాసుయే. "జారుతుంది."