జగదీశ్ పుట్టిన సంవత్సరం

"ఈ హీరోగారి పరువు కాపాడ్డానికా సార్ నన్ను పిలిచింది?" అన్నాడు ఏజెంట్ వేదవ్యాస్.

ఫిల్మ్‌నగర్‌లో ఓ ప్రివ్యూ థియేటర్. తెర మీద జగదీశ్ ఒంటిచేత్తో జీపు ఎత్తుతున్నాడు.

"వాడి పరువు గంగలో కలవనీ," అన్నాడు చీఫ్ వెంకటాచలం. "డాక్టర్ మేధ స్టడీ పోకూడదు. వేసెక్టమీ, అదే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, చేయించుకుని, తర్వాత రివర్సల్‌తో ఆ నాళాల్ని మళ్లీ కలిపించుకున్న మగవాళ్లకి ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పు ఎలా ఉంటుందని ఆవిడ చూస్తోంది. ఆపరేషన్ రికార్డుల్నీ క్యాన్సర్ రికార్డుల్నీ లింక్ చేసింది. పేర్లు తీసేసింది, పుట్టిన తేదీలు ఉంచింది. ఆ డేటా స్టెయినర్ ముఠా కొట్టేసింది."

"పేర్లు లేకుండా వాళ్లేం చేసుకుంటారు?"

"బ్లాక్‌మెయిల్. పుట్టిన తేదీని బట్టి పేరు పట్టేస్తారు. కొనేవాళ్లకి చూపించే శాంపిల్ మన జగదీశే. రెండో పెళ్లికి ముందు గుట్టుగా రివర్సల్ చేయించుకున్నాడు, ఆ పుకారు వాళ్ల చెవిన పడింది. ఈ ఒక్క పేరు బయటపడిందా, మిగతా మగమహారాజులంతా స్టడీ నుంచి పారిపోతారు. ఆవిడ ఇన్నేళ్ల కష్టం బూడిదే."

"లోపల మనవాళ్లున్నారా?"

"లాస్య. డేటా కొట్టేసిందీ ఆవిడే. ఎవరి మనిషో నువ్వే తేల్చు. కోడ్ వర్డ్ టచప్."

జూబ్లీ హిల్స్‌లో ఏ బంగళాలోకి దూరాలన్నా మేకప్ పెట్టెను మించిన మారువేషం లేదు. అది మోసేవాడి మొహం ఏ వెధవా చూడడు. ముఠా దిగిన బంగళా గేటు దగ్గర వాచ్‌మన్ నర్సింహ ఫోన్లోంచి తలెత్తకుండానే, "మేకప్ అన్నవా? జల్ది పో, హీరో సారు గరం మీదున్నడు," అన్నాడు.

లోపల స్టెయినర్ వెబ్ సిరీస్ నిర్మాత వేషంలో ఉన్నాడు. కొత్త వేషానికి లుక్ టెస్ట్ అనగానే జగదీశ్ పరిగెత్తుకొచ్చాడు. సిగ్గు లేని జన్మ! లాప్‌టాప్ ముందు ఎర్రచీరలో లాస్య. వీడియో కాల్‌లో కొనేవాళ్లు శాంపిల్ కోసం కాచుక్కూచున్నారు. అభిమానుల ఫ్లెక్సీల మీదున్న పుట్టిన తేదీని లాస్య కొట్టింది. నో మ్యాచ్. ఇంటర్వ్యూల్లో చెప్పిన తేదీ కొట్టింది. నో మ్యాచ్. రోజూ నెలా కలిసినవాళ్లు చాలామందే ఉన్నారు, సంవత్సరమే కలిసి చావదు.

ఎన్ని దేశాల కోడ్లు ఛేదించాడో ఈ స్టెయినర్ మహానుభావుడు, వచ్చి వచ్చి సినిమావాళ్లు చెప్పిన వయసు నమ్మాడు!

స్టెయినర్ పిస్టల్ తీశాడు. "నువ్వు పుట్టిన సంవత్సరం చెప్పు!"

"టచప్ సార్," అంటూ వేదవ్యాస్ పౌడర్ పఫ్ పట్టుకుని ముందుకు నడిచాడు. లాస్య తలెత్తలేదు. అమ్ముడుపోయిందన్నమాట, అనుకున్నాడు. జగదీశ్ ఒక్క మాట చెప్పాడా, మేధ పని సరి.

ఆంధ్రా తెలంగాణాల్లో జీపులెత్తిన వీరుడు మోకాళ్ల మీద పడ్డాడు. విగ్గు పక్కకి జారింది.

"ఇల్లు రాసిస్తానండీ! మా ఆవిడ నగలు తీసుకోండి!"

"సంవత్సరం!"

"నాకు నలభై ఆరండీ."

"అబద్ధం! కాల్చేస్తాను!"

జగదీశ్ ఏడుస్తూనే కళ్లు మూసుకున్నాడు. "కాల్చండి. నలభై ఆరే."

స్టెయినర్ నోరు వెళ్లబెట్టాడు. వేదవ్యాస్‌కి ఆ క్షణం చాలు. పఫ్ వాడి మొహాన కొట్టాడు. అందులో ఉన్నది పౌడర్ కాదు, మత్తుమందు. వాడు సోఫా మీద కుప్పకూలాడు.

"టచప్ అదిరింది," అంది లాస్య, కొట్టేసిన డేటా మొత్తం డిలీట్ చేస్తూ. "వీళ్లు నన్ను నమ్మాలనే కొట్టేశాను. వీళ్ల దగ్గర ఇంకో కాపీ లేదు, నేను తీయనివ్వలేదు. నన్ను అనుమానించారు కదూ? మీ మొహం చూస్తే నవ్వు ఆపుకోలేననే తలెత్తలేదు."

మర్నాడు హాస్పిటల్లో డాక్టర్ మేధ జగదీశ్‌కి చేతులెత్తి నమస్కరించింది. "మీ వల్లే మా స్టడీ బతికిందండీ. ఒక్కమాట. యాభై దాటితే ప్రోస్టేట్ పరీక్ష చేయించుకోవాలి. రక్తం తీయడమే, సూది నొప్పంతే. బయటివాళ్లెవరూ లేరు. అసలు వయసు చెప్పండి."

జగదీశ్ విగ్గు సర్దుకున్నాడు. "నలభై ఆరండీ."

గుమ్మంలో నిలబడ్డ వేదవ్యాస్ నిట్టూర్చాడు. "వదిలేయండి డాక్టర్‌గారూ. పిస్టల్‌కే చెప్పనివాడు మీ సూదికి చెబుతాడా?"