కుడివైపు తగ్గిన వెలుగు

ఎనిమిదో తరగతిలో బడి మానేసిన మనిషిని డైరెక్టర్ తన ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాడంటే, ఎక్కడో ఎవరి ప్రాణమో గాలిలో దీపంలా ఉందన్నమాట. మెకానిక్‌కి ఆ సంగతి తెలుసు. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో అతను ఆ కుర్చీలో కూర్చోవడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ అతను లేచేసరికి ఎవరో ఒకరు పోయారు.

ఫైళ్ళలో అతనికి వేరే కోడ్ నేమ్ ఉంది. కానీ డైరెక్టర్ మొదలు గేటు దగ్గర గార్డు దాకా అందరూ మెకానిక్ అనే అంటారు. అది ముద్దుపేరు కాదు. ఇంగ్లీషులో రిపోర్టు రాయలేనివాడికి డిగ్రీలున్నవాళ్ళు తగిలించిన పేరు. లోకానికి చూపించే వృత్తి, అంటే అతని కవర్ కూడా అదే. ఇళ్ళలో అక్వేరియంలకు లైట్లు, పంపులు బాగుచేసే మనిషి. తెల్లారితే చేసేది ఆ పనే కాబట్టి, అసలు గూఢచారితనమే తన కవరేమోనని అతనికి అప్పుడప్పుడు అనుమానం వచ్చేది.

గోడ గడియారం పదకొండు చూపిస్తోంది. డైరెక్టర్ బల్లమీద మొదటి ఫోటో పెట్టాడు. సముద్రం ఒడ్డున తెల్ల మేడ. ఒక విదేశీ వాణిజ్య ప్రతినిధి ఇల్లు. డిప్లొమాటిక్ ఇమ్యూనిటీ ఉంది, పోలీసులు గడప తొక్కడానికి లేదు. రెండు నెలలుగా ఆ ఇంటి ఫోన్లు, రేడియో సిగ్నళ్ళు, ఇంటర్నెట్టు అన్నీ డిపార్ట్‌మెంట్ చెవిలోనే ఉన్నాయి. అక్కడ చీమ చిటుక్కుమన్నా ఇక్కడ రికార్డవుతుంది. అయినా రహస్యాలు దేశం దాటిపోతూనే ఉన్నాయి.

రెండో ఫోటోలో ఒక ఆడమనిషి. ప్రతినిధి భార్య. పుట్టి పెరిగింది ఇక్కడే. కోడ్ నేమ్ హంస. రెండేళ్ళుగా మనకే పనిచేస్తోందని చెబుతున్నప్పుడు డైరెక్టర్ గొంతు మెత్తబడింది. సొంత స్టాఫుతో మాట్లాడేటప్పుడు ఆ గొంతు ఎప్పుడూ అలా మెత్తబడగా మెకానిక్ వినలేదు.

మూడో ఫోటోని అతను చేతిలోకి తీసుకుని చూశాడు. అందులో ఉన్నది తన బావమరిది. ఆ ప్రతినిధి దేశంలోనే ఓడల కంపెనీలో గుమాస్తా అని ఇంటిల్లిపాదీ నమ్ముతున్న మనిషి.

"వీడు మనవాడా సార్?"

"మూడేళ్ళ నుంచి. నీకు చెప్పాల్సిన అవసరం రాలేదు."

"మరి ఇప్పుడెందుకు చెబుతున్నారు?"

"నిన్న ప్రతినిధి చేతికి ఇతని పేరు చిక్కింది. ఇవాళ మధ్యాహ్నం రెండు గంటలకు పంపించేస్తాడు. ఆ పేరు అక్కడికి చేరితే సాయంత్రానికి మనిషి ఉండడు."

పారిపొమ్మని కబురు పెట్టారట. కానీ సరిహద్దు దాటే రైలు ఆరు గంటలకు గానీ లేదు. అప్పటిదాకా ఆ పేరు ఇల్లు దాటకూడదు.

ప్లాన్ సులువుగానే ఉంది. ట్రాన్స్‌మిటర్ ప్రతినిధి గదిలో సేఫ్‌లో ఉందని హంస చెప్పింది. భర్త విందుకు వెళ్ళాక ఒకటిన్నరకు తనే తెరుస్తుంది. అసలుది తీసేసి డూప్లికేట్ పెట్టి రావాలి. లోపలికి వెళ్ళడానికి సాకు హాల్లో ఉన్న పెద్ద అక్వేరియం. అందులో లైటు తగ్గిపోయింది.

"ఆవిడ ఒక షరతు పెట్టిందయ్యా," అని నవ్వాడు డైరెక్టర్. "వచ్చేవాడు నటించేవాడు కాకూడదట. నిజంగా పని తెలిసినవాడే కావాలట."

మెకానిక్ నవ్వలేదు. అతను భార్య గురించి ఆలోచిస్తున్నాడు. తల్లి పోయాక ఆ తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆమే. రేపు ఏదైనా కబురు వస్తే, తనకు ముందే తెలుసన్న సంగతి దాచుకుని ఆమె పక్కన కూర్చోవాలి. అది మాత్రం తన వల్ల కాదు.

మారువేషాల సెక్షన్ వాళ్ళు అతన్ని ఎగాదిగా చూసి ఏమీ చెయ్యకుండానే పంపేశారు. మాసిన చొక్కా, ఉప్పునీటికి పగిలిన వేళ్ళు, ఇంతకన్నా ఏం కావాలన్నారు. కెమెరా ఉన్న కళ్ళద్దాలు, చెవిటి మిషన్‌లా కనిపించే ఇయర్‌పీస్ మాత్రం ఇచ్చారు.

పన్నెండూ నలభైకి తలుపు తెరిచింది హంసే. సముద్రపు రంగు పట్టు గౌను, చెవులకు ముత్యాలు, ఆమెకన్నా ముందే గుమ్మం దాటి వచ్చే సెంటు.

"నీళ్ళు చల్లబడ్డాయి," అందామె.

"అడుగున వేడిగానే ఉంటాయి," అన్నాడతను. కోడ్ సరిపోయింది.

హాల్లో కిటికీని ఆనుకుని ఆరడుగుల రీఫ్ ట్యాంక్ ఉంది, కోరల్స్ అనే పగడపు జీవుల్ని పెంచే ఉప్పునీటి తొట్టె. పైన చెక్క మూత, మూత లోపల రెండు ఎల్‌ఈడీ లైట్లు. కిటికీ అవతల సముద్రపు పాయ, దానిమీద అటూ ఇటూ జనాన్ని దాటించే ఫెర్రీ పడవలు. తొట్టెలో ఎడమవైపు కోరల్స్ ఊదాగా, ఆకుపచ్చగా విచ్చుకుని ఉన్నాయి. కుడివైపువి గోధుమరంగుకు తిరిగి ముడుచుకుపోయాయి. కొన్ని సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. ఈ కోరల్స్ చూడడానికి రాళ్ళలా ఉంటాయి గానీ ప్రాణులే. వెలుగే వాటి తిండి. వెలుగు తగ్గితే పస్తుండి చస్తాయి.

"నాలుగేళ్ళుగా పెంచుతున్నాను," అని ఒక తెల్లబడిన కొమ్మ చూపించింది హంస. "ఇది వేలి గోరంత ఉన్నప్పుడు తెచ్చాను. బతుకుతాయా?"

అతను ఆమె ముఖం చూశాడు. ఈ వృత్తిలో ఎన్నో రకాల అబద్ధాలు విన్నాడు. ఈ ప్రశ్న మాత్రం అబద్ధం కాదు.

పనిలోకి దిగాడు. పొడుగాటి కర్రకు కట్టిన లైట్ మీటర్ నీళ్ళలోకి దించితే ఎడమవైపు రెండొందలు, కుడివైపు అరవై. లైటు అద్దం మీద ఉప్పు పేరుకుపోయి ఉంది. తుడిచాడు. డెబ్భై అయింది. టైమర్ చూశాడు. రెండు లైట్లకూ ఒకటే సెట్టింగు, మధ్యాహ్నం రెండు గంటలకు ఫుల్ వెలుగు. ఫ్యాన్ తిరుగుతోంది, లైటు వేడెక్కడం లేదు. ఎత్తు కూడా సమానమే. చివరికి ప్లగ్గుకు కరెంటు మీటర్ పెట్టాడు. ఎడమది నూట ఎనభై వాట్లు లాగుతోంది. కుడిదీ నూట ఎనభై.

అతను అక్కడే ఆగిపోయాడు. తినేది సమానం, పెట్టేది మూడోవంతు. మిగతా వెలుగు ఎక్కడికి పోతున్నట్టు?

ఆలోచన తెగేలోపే ఒకటిన్నర అయింది. హంస అతన్ని గదిలోకి తీసుకెళ్ళి సేఫ్ తెరిచింది. నల్లటి డబ్బా ఉంది, యాంటెన్నాతో సహా. తీసి, డూప్లికేట్ పెట్టడానికి రెండు నిమిషాలు పట్టలేదు. చెవిలో డైరెక్టర్ శభాష్ అన్నాడు, వెంటనే బయటికి వచ్చెయ్యమన్నాడు. కుడిపక్క లైటు సంగతి తేలలేదని మెకానిక్ గొణిగాడు.

"చేపల సంగతి రేపు చూసుకుందువు గాని. ఇది ఆర్డర్."

హంసకు ఫోన్ వచ్చి పక్క గదిలోకి వెళ్ళింది. మెకానిక్ సంచీ భుజానికి వేసుకుని గుమ్మం దాకా వచ్చాడు. పని మరీ నున్నగా అయిపోయింది. జీవితంలో అతనికి ఏదీ అంత నున్నగా అయింది లేదు. పైగా ఇంట్లోంచి ఒక్క రేడియో సిగ్నల్ కూడా బయటికి పోలేదని రెండు నెలల రికార్డులు చెబుతున్నాయి. మరి యాంటెన్నా ఎందుకు? అతను వెనక్కి తిరిగాడు. చెవిలోని ఇయర్‌పీస్ తీసి జేబులో వేసుకున్నాడు.

మూత ఎత్తి, కుడి లైటు కిందికి తల పెట్టి చూశాడు. మూడింట రెండు వంతుల ఎల్‌ఈడీలకు లెన్సులు మార్చారు. సన్నటి లెన్సులు, అన్నీ ఒకే కోణంలో ఏటవాలుగా. ఆ వెలుగు కోరల్స్ మీద పడడం లేదు. నీళ్ళలోంచి, వెనక అద్దంలోంచి, కిటికీలోంచి తిన్నగా సముద్రపు పాయ మీదికి పోతోంది. కంటికి అందని వేగంతో ఆరి వెలిగితే చాలు, ఫెర్రీలో కెమెరా పట్టుకున్నవాడికి అది ఉత్తరం. రెండింటికి ఫుల్ వెలుగు. అదే రెండు గంటలకు అవతల ఫెర్రీ. పంపాల్సిన పేరు ఇప్పటికే టైమర్‌లో ఉంది. సేఫ్‌లోని డబ్బా డిపార్ట్‌మెంట్‌ని నమ్మించడానికి పెట్టిన ఎర.

లెన్సులు మార్చినవాడికి ఎలక్ట్రానిక్స్ తెలుసు. కోరల్స్ తెలియవు.

"మీరు వెళ్ళిపోయి ఉండాల్సింది," అంది హంస. స్విచ్చు బోర్డుకు అడ్డంగా నిలబడి ఉంది. చేతిలో గుప్పిట్లో ఇమిడేంత పిస్తోలు. గడియారం ముళ్ళు ఒకటీ యాభై ఆరు మీద ఉన్నాయి.

"బతుకుతాయా అని అడిగారు కదమ్మా. అవి చస్తున్నది ఈ లెన్సుల వల్లే. వాటి తిండి తీసి మీరు సముద్రం మీదికి పంపిస్తున్నారు."

ఆమె ముఖంలో ఏదో కదిలింది. "లెన్సులు బిగించిన ఇంజనీరు ఆ సంగతి నాకు చెప్పలేదు."

"చెప్పరమ్మా. పైవాళ్ళు మనలాంటివాళ్ళకు చెప్పరు."

"నాలుగు నిమిషాలు. తర్వాత మీరే ఆ లెన్సులు పీకెయ్యండి, నేనేమీ అనను. పోయేది ఒక్క పేరు. మీకేమవుతాడు వాడు?"

ఆ పేరు తన ఇంట్లో రోజుకు ఎన్నిసార్లు వినబడుతుందో ఆమెకు చెప్పి లాభం లేదు.

ఫెర్రీ కూత వినిపించింది. తొట్టెలో వెలుగు పెరుగుతోంది. ప్లగ్గు ఆమె వెనక ఉంది. అతని చేతికి అందేది తొట్టెలో వదిలేసిన మీటర్ కర్ర, దాని కొస ఇంకా నీళ్ళలోనే ఉంది. ఆ నీళ్ళ అడుగున నాలుగేళ్ళుగా ఎవరూ కదపని ఇసుక, ఆ ఇసుక అడుగున గాలి సోకని నల్లటి మడ్డి. అది లేస్తే తొట్టెలో ఏదీ మిగలదు. దాని జోలికి మాత్రం పోవద్దని ప్రతి ఇంట్లోనూ దండం పెట్టి చెబుతాడతను.

కర్రను ఇసుకలోకి దింపి, రెండు చేతులా కవ్వం తిప్పినట్టు తిప్పాడు.

నలుపు ఒక్కసారిగా పైకి లేచింది. కుళ్ళిన గుడ్ల వాసన హాలంతా కొట్టింది. గడియారం రెండు చూపించేసరికి తొట్టె నిండా సిరా పోసినట్టుంది. లోపల కుడి లైటు పిచ్చెక్కినట్టు కొట్టుకుంటోంది గానీ, ఒక్క కిరణం కూడా వెనక అద్దం దాకా చేరడం లేదు.

ఆమె కాల్చవచ్చు. అంత దగ్గరలో గురి తప్పేది కూడా కాదు. కానీ హంస పిస్తోలు సోఫాలో పడేసి, పట్టు గౌనుతోనే చేతులు భుజాల దాకా ఆ మురికిలో ముంచి, కనబడని కోరల్స్‌ని తడుముకుంటూ బయటికి తీయడం మొదలుపెట్టింది. "బకెట్ ఇవ్వండి, మంచి ఉప్పునీళ్ళు ఏమైనా ఉన్నాయా," అంటోంది, ఎవరితో మాట్లాడుతున్నదీ మరిచిపోయినట్టు.

అతను ముందు ప్లగ్గు పీకాడు. తర్వాత తన సంచీలోని ఉప్పునీళ్ళ డబ్బా ఆమె ముందు పెట్టాడు. గోరంత ఉన్నప్పుడు తెచ్చిన ఆ కొమ్మ అందులో పట్టింది. మిగతావి పట్టలేదు. కిటికీ అవతల ఫెర్రీ ఏమీ అందకుండా దాటిపోయింది.

ఇమ్యూనిటీ ఉంది కాబట్టి హంస మీద కేసు లేదు. మర్నాడు భర్తతో కలిసి విమానం ఎక్కింది. డబుల్ ఏజెంట్‌ని తన పథకంతోనే బయటపెట్టానని డైరెక్టర్ పైఅధికారులకు రాసుకున్నాడు. ఆర్డర్ ధిక్కరించినందుకు మెకానిక్‌కి మెమో ఇచ్చాడు. అది ఇంగ్లీషులో ఉంది. గేటు దగ్గర గార్డు చదివి చెప్పాడు.

మూడోరోజు మధ్యాహ్నం బావమరిది పెట్టెతో దిగాడు. అక్క ఏడ్చి, నవ్వి, భోజనం వడ్డించింది. కంపెనీలో తన మీద ఏదో కుట్ర జరుగుతోందనీ, ఎవరూ చెప్పకుండానే తనే ముందుగా పసిగట్టి రైలెక్కేశాననీ వాడు చెప్పుకుపోయాడు. కబురు ఎవరు పంపారో, ఎవరు ఏం ఆపారో వాడికి తెలియదు. తెలియకూడదన్నది రూలు.

"విన్నారా, మా తమ్ముడి ముందుచూపు," అంది భార్య. "మీరూ ఉన్నారు, ఎందుకూ. ఆ చేతుల వాసన మూడు రోజులైనా పోలేదు."

"బావని ఏమీ అనకక్కా," అన్నాడు వాడు జాలిగా. "మనుషుల్ని నమ్మకండి బావా. మీలాంటి అమాయకుల్నే అందరూ వాడుకుంటారు."

మెకానిక్ ముద్ద నోట్లో పెట్టుకుని తలూపాడు. వాడు వచ్చినప్పటినుంచి చెప్పినవాటిలో నిజం అదొక్కటే.