దొర మేజు మీది పటాలం

చెన్నూరు అవతల మా ఊర్ల, పొద్దుగూకిందంటె దొరుండిన కోట, గడి దిక్కు కుక్క సుత పోకపోయేది. లోపటికెల్లి పాచికలు దొర్లిన సప్పుడు... జరసేపు ఊకుంటది... మల్ల దొర్లుతది. సచ్చిన దొర దెయ్యమై యుద్ధపు ఆట ఆడుతుండు అనెటోళ్లు. నవ్వెటోళ్లు నవ్వుండ్రి, నాకేం ఫికర్ లేదు. గిది మా మేనత్త శంకరవ్వ చెప్పిన ముచ్చట. ఆమెకు తిట్టుడు వచ్చు గని అబద్ధమాడుడు రాదు.

గా ఆటను దొర పట్నంల తెల్లోళ్లు ఆడంగ జూసి వచ్చిండట. పెద్ద మేజు మీద ఇసుక గుట్టలు, నడుమ నీలిగుడ్డ వాగు, నిర్మల్ల చెక్కిచ్చిన వేలెడేసి కొయ్య సిపాయిలు. బంగారు రంగేసిన పటాలం దొరది. ఆయన కుర్చిల కూసుండి ఆడుతడు. రంగు లేని ఉత్త కొయ్య పటాలం వెట్టిమనిషిది. వాడు నిలవడి ఆడాలె. పాచికల ఎన్ని వడితె అన్ని పుల్లల దూరం సిపాయిని జరుపుడు. ఎదురువడితె మల్ల పాచికలేసుడు, తక్కువ వడ్డోడు సచ్చినట్టు.

గని వెట్టోడు గెలువద్దు. గెలిచెటట్టున్నా సరే, "మీదే గెలుపు, బాంచెన్ దొరా" అని ఒంగాలె. మా మేనత్త పెనిమిటి సిద్దిరాములు ఏండ్లకేండ్లు గట్లనే నిలవడి ఓడిండు. ఓసారి జరంతోని సుత నిలవెట్టిండ్రు. గా మేజు కాడ్నే కూలి పానమిడిసిండు.

పోలీస్ యాక్షన్ అయినంక దొర పట్నం వారిపోయి, ఆన్నే సచ్చిండు. ఖాళీ గడిల బడి వెడ్తమని సర్కారు ఓ పంతుల్ని తోలింది. ఒక్క పిల్ల రాలే, ఒక్క పిల్లగాడు రాలే.

"గిట్లయితె బడి ఇంకో ఊరికి వోతది," అన్నడు పంతులు.

శంకరవ్వకు కాలింది.

"మొగణ్ని మింగింది సాలలేదా? నా బిడ్డ పోశవ్వ సదువు సుత మింగుతడా? వాని ఆటేందో నేను జూస్త!"

ఆ మాపే కందిలి వట్టుకొని పోయింది. గడిల చెప్పులిడిసి నడువాలె. ఆమె ఇడువలే. సక్కగ పోయి దొర కుర్చిలనే కూసున్నది.

"రా దొరా! ఏం జేస్తవో చెయ్!"

ఎవ్వలు రాలే. ఆట రాదు. అయినా పాచికలేసింది. పుల్లతోని కొలిచి బంగారు సిపాయిని వాగుల దింపింది.

కందిలి సన్నగైంది...

మేజు అవతల పాచికలు వాటంతటవ్వే లేసినయి. దొర్లినయి. ఉత్త కొయ్య సిపాయి ఒకడు జరిగిండు. ఎనుక ఇంకోడు... వాగొడ్డుకొచ్చిండ్రు. బంగారు సిపాయిలు ఒక్కొక్కడే కూలవట్టిండ్రు. ఆమెకు లేచి ఉరుకుదామనిపిచ్చింది. ఉరికితె బడి పోతది. పండ్లు బిగవట్టి కూసున్నది.

ఆఖరికి ఆమె దిక్కు ఒక్కడే మిగిలిండు. సుట్టూత ఉత్త కొయ్యోళ్లు. ఇంకొక్క పాచిక—

అన్నీ ఆగినయి.

మేజు అవతల ఒంగిన నీడ. సన్నగ, జరమొచ్చిన గొంతు...

"మీదే గెలుపు... బాంచెన్ దొరా..."

అది దొర గొంతు గాదు. ఆ గొంతు ఆమెకెర్కే.

"పోశవ్వ బాపూ!" శంకరవ్వ బోరున ఏడ్చింది. "దొర లేడు, సచ్చిండు! కుర్చిల నేనున్న! ఒంగకు... వెయ్, పాచికలు వెయ్!"



నీడ నడుము మెల్లగ సక్కగైంది. పాచికలు దొర్లినయి. బంగారోడు బొక్కబోర్ల వడ్డడు.

తెల్లారి ఊరంత గడి ముందట జమైంది. చెప్పులతోనే బయటికొచ్చింది శంకరవ్వ.

"దొర దెయ్యం వోయిందానే?" అని పక్కింటి బుచ్చవ్వ గుసగుసగ అడిగింది.

"దొర యాడున్నడే? పిల్లల్ని తోలుండ్రి బడికి," అన్నది శంకరవ్వ కండ్లు తుడుసుకుంట. "గిన్నొద్దులు మనం భయపడ్డది మనోనికే. దొర పోయిండని ఆయనకు ఎవ్వలు చెప్పలే."