సీసాలో ఎండ

హయాత్ బాషా ఆమె ముఖం చూడకముందే ఆమె చేత తిట్లు తిన్నాడు.

దుబాయ్ కరామాలోని ఆ లేడీస్ సెలూన్‌లోకి మగవాళ్లు అడుగు పెట్టకూడదు. క్రీముల దుకాణం నుంచి సామాను తెచ్చినవాడు వెనక తలుపు దగ్గర నిలబడి గంట కొట్టాలి. ఆకుపచ్చ తెర సందులోంచి రెండు చేతులు వచ్చి అట్టపెట్టె అందుకుంటాయి. అంతే సంబంధం. ఆ రోజు మాత్రం చేతులతోపాటు గొంతు కూడా వచ్చింది. హిందీలో మొదలై, కోపం ఆగక తెలుగులోకి దిగింది.

“ఏం మందు అమ్ముతారో ఏమో. మేమ్‌సాబ్ మోకాళ్లు మాడిన రొట్టెల మాదిరి అయినాయి. నా ఉద్యోగం పోయేట్టుంది.”

అచ్చమైన కడప యాస. తిట్లు పడుతున్నది తనకేనన్న సంగతి కూడా మరిచిపోయి విన్నాడు హయాత్ బాషా. దుబాయ్ వచ్చిన దగ్గర్నుంచి అతని గది నిండా మలబారీలు, పఠాన్లు. తెలుగు మాట చెవిన పడి ఎన్నాళ్లయిందో.

“మీదేవూరు?” అన్నాడు.

“తిట్టించుకుంటా ఊరడుగుతారేంది?”

“మాది రాయచోటి.”

“పులివెందుల,” అంది గొంతు, బాగా తగ్గి.

పేరు సైదున్నీసా అని, టాక్సీ నడిపే చిన్నాయన అల్లాబకాష్ ఇంట్లో ఉంటోందని తర్వాత తెలిసింది. తర్వాతంటే చాలాసార్లు తిరిగాక. ఒక్క సారికి అయ్యే సామాను అతను రెండుసార్లుగా తేవడం మొదలుపెట్టాడు మరి.

“ఎండ ఊరకే దొరికే ఊళ్లో ఎండకు కమిలిన రంగు సీసాలో కొనుక్కోవడమేంది?” అని ఒకరోజు అడిగాడు. “మా అంగట్లో తెల్లబడే క్రీము ఒక అరలో, ఇది దాని పక్క అరలో. మనోళ్లు అటు, దొరసానులు ఇటు.”

తెర వెనక నవ్వు వినిపించింది. “ఎండలో కూచుంటే వాళ్ల తోలు బొబ్బలెక్కుతాది. అందుకే నీడలో కూచోని నల్లబడతారు.”

“అది పెయింటు మాదిరా?”

“కాదు. రాసేటప్పుడు వట్టి తెల్ల క్రీమే. కోసిన వంకాయ గాలికి నల్లబడదా, అట్ల. ఒంటిమీద చచ్చిన తోలు పొర ఉంటాది చూడండి, దాంతో కలిసి కొన్ని గంటలకు అదే రంగు తిరుగుతాది. సబ్బుకు పోదు. ఆ పొర రాలేకొద్దీ పోతాది. వారానికంతా ఖలాస్.”

“మరి ఆ మోకాళ్లు?”

“అది మీ మందు తప్పు కాదులే. ముందు పీచుతో బాగా రుద్దాల. తుడిచి, ఆరినాక పలచగా రాయాల. మోకాళ్లు, మోచేతులు, మడమలు గరుకు కదా, ఎక్కువ తాగుతాయి. అక్కడ రవ్వంత చాలు. నేను కొత్తలో అంతటా ఒకే మాదిరి పూసినా.”

“మరి నన్నెందుకు తిట్టినారు?”

“తెర అవతల ఎవరుంటే వాళ్లను తిట్టినా. మీరున్నారు.”

ఇంకో రోజు, అడగకుండానే అంది. “పొద్దస్తమానం ఒకరి వీపు నిమురుతా ఉంటా. చిన్నాయన వాళ్లు మంచోళ్లే. అయినా నా చెయ్యి పట్టుకొని, బాగుండావా అని అడిగేవాళ్లు ఒకరు లేరు ఈ ఊళ్లో.”

ఆ శుక్రవారం గదిలో అందరూ నిద్రపోతుంటే హయాత్ బాషా ఆ మాటనే తలుచుకుంటూ గోడవైపు తిరిగి పడుకున్నాడు. తనకు మాత్రం ఎవరున్నారు? ఆమె అతన్ని ఒక్కసారి కూడా భాయ్ అనలేదు, అన్నా అనలేదు. ఆ ధైర్యంతోనే నిఖా మాట అడిగేద్దామనుకున్నాడు.

డిసెంబరు చివర్లో, దొరసానుల పార్టీల హడావుడిలో, పెట్టె పట్టుకుని వెళ్లి గంట కొట్టాడు. తెర సందులోంచి రెండు చేతులు వచ్చాయి. వేలి కొసల నుంచి మణికట్టు దాకా నారింజ ఎరుపు. రాయచోటిలో పెళ్లికూతురికి అరచేతుల నిండా మెహందీ అద్దితే అచ్చం అట్లాగే పండుతుంది.

అతను చూస్తున్నాడని తెలిసి ఆ చేతులు గబుక్కున దుపట్టాలో దూరిపోయాయి. “పెట్టె ఆడ పెట్టి పోండి,” అంది గొంతు.

పెళ్లికూతురి సిగ్గు అనుకున్నాడు హయాత్ బాషా. అడగడానికి ఇంకేముంది? తెచ్చుకున్న మాట నోట్లోనే మింగి వచ్చేశాడు. మర్నాటి నుంచి సామానుతో మలబారీ కోయాను పంపించాడు. అబూదాబిలో ఉన్న తమ ఇంకో దుకాణానికి ఎవరు పోతారని మేనేజరు అడిగితే అందరికంటే ముందు చెయ్యెత్తాడు. ఆమె గొంతు వినబడని ఊరైతే చాలనిపించింది.

ప్రయాణానికి ముందు రోజు సామాను సర్దుతుంటే సీసాల పెట్టె జారి పడింది. తెల్ల క్రీము నేలంతా పాకింది. పైపు పగిలి కరామాకు ఆ రోజుల్లో ట్యాంకరు వస్తేనే నీళ్లు. చేతులతోనే ఎత్తిపోసి, గుడ్డకు తుడుచుకుని, మధ్యాహ్నం దుకాణం మూయగానే గదికి వెళ్లి పడుకున్నాడు.

సాయంత్రం గదిలోని పఠాన్ తట్టి లేపాడు, పెళ్లెప్పుడని నవ్వుతూ. “మియా, షాదీ కబ్ హై?”

హయాత్ బాషా అరచేతులు చూసుకున్నాడు. నారింజ ఎరుపు. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వీధిలోకి పరుగెత్తాడు.

బయట వాన. నాలుగు చినుకులకే చెరువయ్యే సందుల్లో తడుస్తూ వెళ్లి గంట కొట్టాడు.

“మేము ఆర్డరు ఇయ్యలేదే,” అంది తెర.

అతను రెండు అరచేతులూ తెర సందులో చాపాడు. తెర వెనక నుంచి నవ్వు వచ్చింది, దాని చివర ఏడుపు కలిసింది.

“కడుక్కోలేదా?”

“నీళ్లు రాలేదు.”

“ఆ పొద్దు మాకూ రాలేదు. ఒకరి తర్వాత ఒకరికి పూస్తానే ఉన్నా. కోతి చేతుల మాదిరి అయినాయని దాచుకున్నా. మీరేమనుకున్నారు?”

“మెహందీ అనుకున్నా. నిఖా కుదిరిందనుకున్నా.”

“అందుకేనా ఆ మలబారీ భాయ్‌ని పంపింది?”

“అందుకే. అబూదాబికి పోతానన్నదీ అందుకే. రేపే పోవాల.”

“ఒక మాట అడిగింటే నోట్లోని ముత్యాలు రాలిపోతాయా?”

“ఇప్పుడు అడుగుతాండా. ఈ దేశంలో నాకు మీ గొంతు తప్ప ఎవరూ లేరు. నన్ను నిఖా చేసుకుంటారా?”

తెర పక్కకు జరిగింది. సైదున్నీసా బయటికి వచ్చి నిలబడింది. ఏడ్చిన కళ్లు, ముక్కు మీద తెల్ల క్రీము చుక్క. తన అరచేయి అతని అరచేతి పక్కన పెట్టింది. ఆమె రంగు దాదాపు రాలిపోయింది, అతనిది ఇంకా కొత్తది.

“శుక్రవారం జుమ్మా నమాజ్ అయినాక చిన్నాయన ఇంట్లోనే ఉంటాడు,” అంది. “ఈ చేతులతోనే రండి.”

“నవ్వుతాడేమో.”

“నవ్వనీ. నవ్వినాక కాదనలేడులే. రంగు పోకముందే రావాల.”

అబూదాబిలో కొత్త గది, కొత్త ముఖాలు, తెలుగు మాట్లాడేవాడు ఒక్కడూ లేడు. శుక్రవారం దాకా హయాత్ బాషా చేతులకు పీచు తగలనివ్వలేదు.